ఇంటికొక పింఛను లెక్కలో ఆమె వాటా ఎక్కడ?

ప్రతి నెలా ఒకటో తేదీ తెల్లవారేసరికి గ్రామ సచివాలయ ఉద్యోగి గడప ముందుకు వచ్చి, వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు లెక్కపెట్టి చేతికిచ్చి, వేలిముద్ర తీసుకుని వెళ్లడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో అందరికీ అలవాటైన దృశ్యం. ఆ వేలిముద్ర ఎవరిదో గమనించేవారు మాత్రం తక్కువ. ఆలుమగలిద్దరికీ అరవై దాటిన ఇళ్లలో, నేను చూసినంతవరకు, అది ఎక్కువగా భర్తదే. భార్యకూ వయసు నిండింది, ఆమెకూ ఆధార్ ఉంది, ఆమె పేరూ అదే బియ్యం కార్డులో ఉంది, అయినా పింఛను జాబితాలో ఆమె పేరు ఉండదు. తీవ్ర వైకల్యం, డయాలసిస్ వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఒక కుటుంబానికి ఒకే పింఛను అన్నది నిబంధన.

కాగితం మీద ఈ నిబంధనకు ఆడ, మగ తేడా లేదు. కానీ మన పెళ్లిళ్లలో భర్త భార్యకన్నా నాలుగైదేళ్లు, పాత తరంలోనైతే పదేళ్లు కూడా పెద్దవాడు కాబట్టి, ముందు అరవై నిండేది అతనికే, ముందు దరఖాస్తు పెట్టుకునేదీ అతనే. ఆమెకు వయసు వచ్చేసరికి ఇంటి వాటా అయిపోయి ఉంటుంది. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే మరుసటి నెల నుంచే భార్యకు ఇచ్చే ఏర్పాటును ప్రస్తుత ప్రభుత్వం తెచ్చింది. అది మంచి పనే, కాదనను. అయితే ఆ ఉత్తర్వును ఇంకోవైపు నుంచి చదివితే, వృద్ధురాలిగా ఆమెకు దక్కే గుర్తింపు తన వయసును బట్టి కాక భర్త మరణాన్ని బట్టి వస్తోందని తేలుతుంది. ఒక స్త్రీకి జీవితంలో మొదటిసారి తన పేరున నెలనెలా డబ్బు రావాలంటే ఆమె పుస్తెలు తెగాలి. ఇంత కఠినమైన షరతు పెట్టాలని ఏ అధికారీ కూర్చుని ఆలోచించి ఉండడు, కానీ పల్లెల్లో జరుగుతున్నది అదే.

ఈ స్త్రీలు ఎవరో కూడా చెప్పుకోవాలి. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించిన ఆడవాళ్ల కథ ఈ జిల్లాల్లో తెలియనివారు లేరు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం వీధిలోకి వచ్చి, వేలంపాటలను ఆపించి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. సారాకు పోయే డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టిందీ ఈ నెల్లూరు పల్లెల ఆడవాళ్లే. పొదుపు లక్ష్మి సంఘాలుగా మొదలైన ఆ పని తర్వాత డ్వాక్రాగా రాష్ట్రమంతా విస్తరించింది. అప్పుడు ముప్పై ఏళ్ల వయసున్న స్త్రీకి ఇప్పుడు అరవై దాటాయి. వేల కుటుంబాలను నిలబెట్టిన పొదుపు ఆమెది, కానీ ఆ పొదుపు ఆమె ముసలితనం కోసం మిగలలేదు. సంఘం అప్పు పిల్లల ఫీజులకు, బోరు వేయడానికి, కూతురి పెళ్లికి, గేదెకు పోయింది. తీర్చింది మాత్రం ఆమే, వాయిదా తప్పకుండా.

ఈ తరానికి జరిగిన అన్యాయం ఒక్క లెక్కతో అర్థమవుతుంది. కేంద్రం 2015లో అటల్ పింఛను యోజన తెచ్చింది. చేరడానికి వయసు 18 నుంచి 40. అసంఘటిత కార్మికుల కోసం 2019లో శ్రమయోగి మాన్‌ధన్ తెచ్చింది. అందులోనూ వయసు 18 నుంచి 40. 1992లో ముప్పై ఏళ్లున్న స్త్రీకి 2015 నాటికి 53, 2019 నాటికి 57. అంటే కష్టపడి సంపాదించి దాచుకోగలిగిన వయసు చాలావరకు పింఛను పథకం లేకుండానే గడిచిపోయింది, ఈ పథకాలు వచ్చేసరికి ఆమె తలుపు బయట ఉంది. ఆమెకు తగిన ఆలోచన ఒక్కటే జరిగింది. 2009లో రాష్ట్రం చట్టం చేసి తెచ్చిన అభయహస్తంలో సంఘ సభ్యురాలు రోజుకో రూపాయి కడితే ప్రభుత్వం మరో రూపాయి కలిపేది, అరవై నిండాక నెలకు కనీసం 500 రూపాయల పింఛను ఆమె పేరునే వచ్చేది. భర్త ఉన్నాడా లేడా అని ఆ పథకం అడగలేదు. అది నిలబడలేదు. ఇన్నేళ్లలో ఈ తరం ఆడవాళ్లను దాచుకునే మనుషులుగా, పని చేసిన మనుషులుగా చూసిన పథకం అదొక్కటే కాబట్టి, దాన్ని పోగొట్టుకోవడం చిన్న నష్టం కాదు.

ఇక వైద్యం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి వచ్చింది. ఈ రెండింటిలోనూ ప్రధానంగా లెక్కకు వచ్చేది ఆసుపత్రిలో చేరిన రోగి. ముసలితనంలో స్త్రీని తినేసే రోగాలు చాలావరకు ఆసుపత్రిలో చేర్చుకునేవి కావు; బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు, థైరాయిడ్, మూత్ర సమస్యలు, కళ్లు మసకబారడం, నడుము పట్టేయడం. కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి బతికినవారికి ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం దీనికి తోడు. అక్కడ దశాబ్దాలపాటు మైళ్ల దూరం నడిచి బిందెలతో నీళ్లు మోసిందీ ఆడవాళ్లే, ఇప్పుడు లేచి నిలబడడానికి గోడ పట్టుకుంటున్నదీ వాళ్లే.

మన దేశంలో కుటుంబాలు సొంత డబ్బుతో పెట్టుకునే వైద్యపు ఖర్చులో పెద్ద వాటా మందులదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీకి, షుగరుకు బిళ్లలు ఉచితంగా ఇస్తారు, ఇస్తున్నారు కూడా. కానీ ఒంగోలులోనో, నెల్లూరు పొగతోటలోనో స్పెషలిస్టు రాసిచ్చిన చీటీలో ఆ రెండు బిళ్లలే ఉండవు. పరీక్షలు బయట చేయించుకోవాలి, ఆటోకు ఇవ్వాలి, తోడు వచ్చిన కూతురు ఆ రోజు కూలి పోగొట్టుకోవాలి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేకపోవడం నిజమైన ఊరట. బస్సు దిగిన తర్వాత అయ్యే ఖర్చు మాత్రం అలాగే ఉంది. మందుల దుకాణం దగ్గర పావుగంట నిలబడి చూడండి. భర్తకు గుండె మందులు నెలకు సరిపడా కొని, తన మోకాళ్ల బిళ్లలు షీటు మొత్తం కాకుండా నాలుగు కత్తిరించి ఇమ్మని అడిగే పెద్దావిడ తప్పకుండా కనిపిస్తుంది. ఆమెను ఎవరూ అలా కొనమని చెప్పలేదు. పింఛను డబ్బు ఆయనది కాబట్టి ఆయన రోగానికి ముందు ఖర్చు కావాలని ఆమె తనకు తానే నిర్ణయించుకుంది. తన నొప్పిని చివరి వరుసలో పెట్టుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు, చేతిలో తనదైన డబ్బు లేకపోవడం ఆ అలవాటును ఖాయం చేసింది.

ఖజానా ఎక్కడి నుంచి తెస్తుందని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రాష్ట్రంలో 60 లక్షల మందికి పైగా పింఛనుదారులున్నారు, ఏడాదికి 30 వేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చవుతోంది, సామాజిక పింఛను ఇంత ఎక్కువగా ఇస్తున్న రాష్ట్రాలు దేశంలో అరుదు. ఇంట్లో ఒకరికి వచ్చిన డబ్బు ఇద్దరూ తింటారు కదా, బిడ్డలు చూసుకోవాలి కదా అన్నది వారి వాదన.

ఇద్దరూ తింటారన్న వాదన నిజమైతే, ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన దంపతులకు కూడా ఒకే పింఛను ఇవ్వాలి. అలా ఇవ్వమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఎవరి సేవకు తగిన ఫలం వారికి రావాలన్నది అక్కడ అందరూ ఒప్పుకున్న ధర్మం. అదే ధర్మం నాట్లు వేసిన, కలుపు తీసిన, బ్యారన్ దగ్గర కర్రలకు పొగాకు కట్టిన, షెడ్డులో చేతులు పాచిపోయేలా రొయ్యలు ఒలిచిన స్త్రీకి వచ్చేసరికి ఎందుకు మారిపోతుంది? కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు జీతం లేని ఆ చాకిరీకి వెచ్చిస్తున్నట్టు తేలింది. కూలి పనికి పైన రోజుకు ఐదు గంటల పని చేసిన మనిషిని, అరవై దాటాక భర్త పింఛనులో తినే మనిషిగా లెక్కవేయడం తప్పు లెక్క. ఉద్యోగుల పింఛనుకు ధరలను బట్టి ఏడాదికి రెండుసార్లు కరువు భృతి లెక్కిస్తారు. సామాజిక పింఛను మాత్రం ఎక్కువగా ఎన్నికల పంచాంగం చూసి పెరుగుతుంది: 2014లో 1,000, 2019 ఎన్నికల ముందు 2,000, ఆ తర్వాత విడతలవారీగా పెరుగుతూ 2024 జనవరిలో 3,000, అదే ఏడాది జూలైలో 4,000. మందుల గరిష్ఠ ధరలేమో టోకు ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్‌లో మారుతూనే ఉంటాయి. ఇక కేంద్రం వాటా సంగతి చెప్పుకోవడానికే బాధ కలుగుతుంది. 80 ఏళ్లలోపు వృద్ధులకు అది నెలకు 200 రూపాయలు, దాదాపు రెండు దశాబ్దాలుగా అంతే. ఖజానా గురించి అడిగేవారు ఆ ప్రశ్న ముందు ఢిల్లీని అడగాలి.

బిడ్డలు చూసుకోవాలన్న మాట దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే వృద్ధ స్త్రీ పేదరికానికి అసలు మూలం అక్కడే ఉందని నా నమ్మకం. ఈ జిల్లాల్లో ఆడపిల్లకు పెళ్లినాడు పసుపు కుంకుమ కింద ఎకరమో, రెండెకరాలో రాసిచ్చే ఆచారం చాలా కులాల్లో ఉంది. మా మేనత్తకు కనిగిరి వైపు అలా వచ్చిన ఎకరన్నర మెట్ట ఉండేది. పెద్ద కొడుకు చదువుకు అర ఎకరం, కూతురి పెళ్లికి అర ఎకరం పోయాయి, మిగిలిన అర ఎకరం చిన్న కొడుకు ఇల్లు కట్టుకునేటప్పుడు దానపత్రం రాసిచ్చింది. మూడుసార్లూ సంతకం ఆమెదే, మూడుసార్లూ ఎవరూ బలవంతం చేయలేదు. చివరి పదేళ్లు ఇద్దరు కొడుకుల ఇళ్ల మధ్య నెల లెక్కన తిరుగుతూ, కళ్లద్దాలు మార్చుకోవడానికి కోడలిని అడగలేక పగిలిన అద్దంతోనే చదువుకుంది. "నా పొలం నాకుంటే ఎవరినీ అడిగే పని లేకపోను నాయనా" అని ఆమె నాతో అన్నది ఒకే ఒక్కసారి, అదీ గొంతు తగ్గించి.

ఆడపిల్లకు ఆస్తి హక్కులో దేశానికి దారి చూపినవాళ్లం మనం. 1985లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది, కేంద్ర చట్టం ఆ పని చేయడానికి 2005 దాకా పట్టింది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్ ముందు అర్జీ పెడితే బిడ్డల నుంచి నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఇప్పించవచ్చు, పోషిస్తామన్న షరతు మీద రాయించుకున్న దానపత్రాన్ని మాట తప్పితే రద్దు చేయించవచ్చు. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా మన పల్లెల్లో తల్లి కొడుకు మీద అర్జీ పెట్టదు, పెట్టిన తల్లిని ఊరు మెచ్చదు. కాబట్టి రక్షణ గొడవ వచ్చిన తర్వాత కాదు, సంతకం చేసేనాడే ఉండాలి. అరవై దాటిన స్త్రీ రాసే ప్రతి దానపత్రంలో పోషణ షరతు తప్పనిసరిగా ఉండేలా, ఆ షరతును సబ్ రిజిస్ట్రారు ఆమెకు చదివి వినిపించేలా రిజిస్ట్రేషన్ శాఖ ఏర్పాటు చేయాలి.

పొలం సంగతికి, పింఛను సంగతికి సంబంధం ఉంది. మేనత్త ఆ చివరి అర ఎకరం రాసివ్వడానికి కారణం కొడుకు మీద ప్రేమ ఒక్కటే కాదు; తనకంటూ నెలకు రూపాయి రాని మనిషికి, రేపు మంచాన పడితే చూసేవారు కావాలన్న భయం ఉంటుంది, ఆ భయానికి పొలం ముందుగా చెల్లించిన వెల అవుతుంది. తన పేరున పింఛను, తన రోగానికి సరిపడా మందులు నెలనెలా వస్తే ఆమె ఆ పత్రం ముందు తల ఎత్తి కూర్చుంటుంది, వద్దనగలుగుతుంది, లేదా ఇష్టంగానే ఇస్తుంది.

అభయహస్తం వంటి వాటాల పింఛనును మళ్లీ తేవాలంటే చట్టం కావాలి, నిధి కావాలి, సమయం పడుతుంది. నలభై దాటిన సంఘ సభ్యుల కోసం ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి. స్పెషలిస్టు రాసిన దీర్ఘకాలిక మందులను గ్రామ ఆరోగ్య కేంద్రం దాకా తీసుకురావడానికి బడ్జెట్‌లో వేరే పద్దు కావాలి. పింఛను మార్గదర్శకాల్లో ఉన్న ఒకే ఇంటికి ఒకే పింఛను అన్న వాక్యాన్ని అరవై దాటిన భార్య విషయంలో తీసేయడానికి మాత్రం చట్టసభ కూడా కూర్చోనక్కర్లేదు. అది ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చిన నిబంధన, మరో ఉత్తర్వుతో పోతుంది. ఒకేసారి భారమనుకుంటే 70 దాటినవారితో మొదలుపెట్టి కిందికి రావచ్చు. ఒకటో తేదీన సచివాలయ ఉద్యోగి ఎలాగూ ఆ గడప దగ్గరికి వస్తున్నాడు, ఆమె ఎలాగూ ఆ తలుపు చాటునే నిలబడి ఉంది.