కొఠియా స్విచ్, రెండు టేబుళ్లు

ఒకే స్విచ్ (కంప్యూటర్లను కలిపే పెట్టె) మీద రెండు రూటింగ్ టేబుళ్లు (ఏ అడ్రసుకు ఏ దారో చెప్పే పట్టికలు) నడిపే వీఆర్‌ఎఫ్ విద్యను విదేశీ ఇంజినీర్లు కనిపెట్టారని మన నెట్‌వర్క్ కుర్రాళ్లు గట్టిగా నమ్ముతారు. సాలూరు నుంచి కొండెక్కి, ఆంధ్రా, ఒడిశా రెండూ మాదంటే మాదనే కొఠియా చూసొచ్చిన వాళ్లెవరూ ఆ మాట ఒప్పుకోరు.

సూత్రం సులువే. పెట్టె ఒకటి, టేబుళ్లు వేరు. ఒక టేబుల్లోని 10.0.0.1 అనే ఐపీ అడ్రసుకి ఇంకో టేబుల్లోని 10.0.0.1 ఎవరో తెలీదు, కనుక తగువు రాదు. కొఠియా ప్రాంతంలోని 21 ఊళ్లలోనూ ఇదే ఏర్పాటు. మనిషి ఒకడే. కోరాపుట్ టేబుల్లో ఒక ఓటరు కార్డు, పార్వతీపురం మన్యం టేబుల్లో ఇంకొకటి. రేషనూ అంతే. స్విచ్‌లో పోర్టు, అంటే తీగ దూర్చే కన్నం, ఏదో ఒక్క వీఆర్‌ఎఫ్‌లోనే ఉండాలట. మా కొండవాళ్లు ఆ లోటు ఏనాడో దాటేశారు.

అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే కమాండు పింగ్. స్విచ్‌లో ఉత్త పింగ్ కొడితే డిఫాల్ట్ టేబుల్లో వెతికి చేతులెత్తేస్తుంది. వీఆర్‌ఎఫ్ పేరు చెప్పి మరీ అడగాలి. అక్కడి ముసలాయన్ని పింఛను వస్తోందా అనడగండి. "ఏ పింఛను బాబూ, ఆంధ్రాదా, ఒడిసాదా?" అంటాడు. కమాండ్ సరిగా కొట్టమని దానర్థం.

ఇక అసలు ప్రమాదం. సిస్కో స్విచ్‌లో పోర్టును వీఆర్‌ఎఫ్‌లోకి తోయగానే దానికున్న ఐపీ అడ్రస్ చెరిగిపోతుంది. ఒక్క లైను సమాచారం, అంతే. కుర్రాడు ఆ పోర్టు గుండానే లాగిన్ అయ్యుంటే స్క్రీన్ అక్కడే బిగుసుకుపోతుంది. పర్లాకిమిడిలో మా పెద్దలకు ఇది 1936 ఏప్రిల్ 1నే అనుభవం. మహేంద్రతనయ పారే చోటే పారుతోంది, ఇళ్లూ కదల్లేదు. ఒడిశా కొత్త రాష్ట్రమైన ఆ రోజున ఊరిని మద్రాసు టేబుల్లోంచి తీసి ఒడిశా టేబుల్లో వేశారు. అడ్రసు మళ్లీ రాసుకోవలసిన పని ఊరివాళ్లది. గిడుగు రామమూర్తి గారు మాత్రం ఆ కాన్ఫిగరేషన్‌కు ఒప్పుకోక రాజమండ్రి వెళ్లిపోయారు.

రెండు టేబుళ్ల మధ్య రాకపోకలకు రూట్ లీకింగ్ అని ఒక సదుపాయం ఉంది. ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు లైన్లు రాసుకోవాలి. మా సరిహద్దులో సంత బుట్ట నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు ఎవరి అనుమతీ లేకుండా ఆ పని చేసేస్తారు. సెక్యూరిటీ ఆడిట్‌లో ఇదెలా నిలుస్తుందో నాకు అంతుబట్టదు.

2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ మూడు పంచాయతీల్లో ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకెక్కింది. మళ్లీ అంటున్నానంటే, ఈ దావా 1968 నాటిది. అడ్మిన్ పాస్‌వర్డు తమ దగ్గర లేదనీ, పార్లమెంటు దగ్గరుందనీ కోర్టువారు 2006లోనే తేల్చారు. పార్లమెంటు ఇంకా లాగిన్ కాలేదు.