సవరణ: అవెంటడోర్ ఎస్‌వీజే ల్యాప్ టైమ్, టైర్ల సంగతి

2018లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ రేస్ ట్రాక్‌పై లంబోర్గిని సూపర్‌కారు అవెంటడోర్ ఎస్‌వీజే 6 నిమిషాల 44.97 సెకన్లలో ల్యాప్ పూర్తి చేసిందని కిందటి పోస్టులో రాశాను. కారు కొంటే మామూలుగా వచ్చే టైర్లతోనే ఆ టైమ్ వచ్చిందని చాలామంది అనుకున్నట్టున్నారు. కాదు. ఎస్‌వీజేకి మామూలుగా వచ్చేవి పిరెల్లి కంపెనీ పీ జీరో కోర్సా టైర్లు. ఆ రోజు బిగించినవి ఆప్షన్‌గా ఇచ్చే పిరెల్లి ట్రొఫెయో ఆర్.

ట్రొఫెయో ఆర్ రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్న టైరే, కాబట్టి దీన్ని మోసం అనను. కానీ దాని రబ్బరు బాగా మెత్తన, గాడులు తక్కువ. వేడెక్కితే ట్రాక్‌ను అంటిపెట్టుకుంటుంది, వాన పడితే నీటిని బయటికి నెట్టలేదు, పైగా త్వరగా అరిగిపోతుంది. కోర్సాతో ఉన్న కారు ఓనర్ ఆ టైమ్‌ను తన కారు టైమ్ అనుకోకూడదు. అందుకే టైమ్ పక్కనే టైరు పేరు కూడా వేయాలని గట్టిగా అంటున్నాను.

దూరం సంగతి కూడా ఉంది. ఎస్‌వీజే టైమ్ ల్యాప్‌లో చిన్న ముక్క వదిలేసే పాత పద్ధతిలో, 20.6 కిలోమీటర్లకు తీసింది. ఇప్పుడు పూర్తి ల్యాప్ 20.832 కిలోమీటర్లు. 2021లో మాంతై సంస్థ తయారుచేసిన ట్రాక్ మార్పుల కిట్‌తో పోర్షె జీటీ2 ఆర్‌ఎస్ ఒకే పరుగులో 20.6కి 6:38.835, పూర్తి ల్యాప్‌కి 6:43.300 తీసింది. అంటే దాదాపు నాలుగున్నర సెకన్ల తేడా. ఇకపై నా ల్యాప్ టైమ్‌ల పట్టికలో టైరు, దూరం రెండూ ఉంటాయి.