సవరణ: నెదర్లాండ్స్ సైకిళ్ల గురించి నేను రాసింది

"నెదర్లాండ్స్ నేల చదునుగా ఉంటుంది కాబట్టే అందరూ సైకిల్ తొక్కుతారు, అది వాళ్లకు తాతల నాటి నుంచీ చెదరని అలవాటు" అని మొన్న రాశాను. అది తప్పు. ఆ దేశపు రవాణా చరిత్ర మీద వచ్చిన రచనలు చదివాక తెలిసింది.

నేల చదునన్న మాట నిజమే. కానీ 1950, 60లలో అక్కడ కూడా కార్లు పెరిగాయి, సైకిళ్లు బాగా తగ్గిపోయాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. 'పిల్లల హత్యలు ఆపండి' అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973లో చమురు సంక్షోభం కూడా తోడైంది. ఆ తర్వాతే టిల్‌బర్గ్, హేగ్ నగరాల్లో ప్రత్యేక సైకిల్ దారులు వేశారు. ఒక్కో దారి విడిగా వేస్తే పెద్ద ఫలితం రాలేదు. 1980లలో డెల్ఫ్ట్ పట్టణం ఊరంతా కలిసేలా దారులు అల్లింది, అక్కడ సైకిల్ ప్రయాణాలు పెరిగాయి.

నా పోస్టు చదివిన మిత్రుడొకరు "మన విశాఖలో అన్నీ ఎత్తుపల్లాలే, మనకు కుదరదులే" అన్నారు. ఆ మాట నా తప్పు వాక్యం వల్లే వచ్చింది. పాత పోస్టులో దాన్ని మార్చేశాను.