గట్టు మీద ఎలుక, మొలతాడు కింద మచ్చ

పోయిన కార్తీకంలో పరకాల దగ్గర మా మేనమామకు తొమ్మిది రోజులు జ్వరం విడవలేదు. డెంగీ కాదన్నారు, మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ అని సెలైన్లు ఎక్కించారు. చివరికి ఒక డాక్టరమ్మ అంగీ ఎత్తించి చూస్తే మొలతాడు కింద శనగబద్దంత నల్లటి పొక్కు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆయన ఎవరికీ చెప్పలేదు. పురుగు కుట్టి వచ్చే జ్వరం, స్క్రబ్ టైఫస్. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వేసిన రెండో రోజుకు జ్వరం దిగింది.

ఊళ్లో మాత్రం ‘ఎలుకల జ్వరమట’ అని పాకింది. మర్నాడే గట్ల బొరియల్లో మందు పెట్టారు. పంటకు మంచిదే. జ్వరానికి ఒరిగేది తక్కువ.

రోగక్రిమి నిలవ ఉండే జీవిని వైద్యులు రిజర్వాయర్ అంటారు. పాకాల, రామప్ప చెరువుల కింద సేద్యం చేసేవాళ్లకు ఆ మాట విడమరచక్కర్లేదు. అయితే చెరువు ఎక్కడుందో తేల్చుకోకుండా తూములు మూస్తే ఏం లాభం? పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో గోమారి కుట్టి వచ్చే లైమ్ వ్యాధి పేరు వినే ఉంటారు. అక్కడ పెద్ద చెరువు తెల్లకాళ్ల అడవి ఎలుక. గోమారి పిల్ల గుడ్డులోంచి క్రిమి లేకుండానే పుడుతుంది. ఎలుక నెత్తురుతో దాన్ని తెచ్చుకుని, పెరిగాక మనిషికి అంటిస్తుంది. అందుకే పర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన దూదిని గొట్టాల్లో పెట్టి అక్కడక్కడ వదులుతారు. ఎలుక దాన్ని గూటికి మోసుకుపోతుంది, దాని ఒంటి మీది గోమార్లు చస్తాయి. పత్తి పండించేది మనం, దూది ఉపాయం వాళ్లది!

స్క్రబ్ టైఫస్ లెక్క వేరు. దాన్ని అంటించేది గోమారి కాదు, నల్లిని పోలిన పురుగు పిల్ల, చిగ్గర్. కంటికి ఆనని ఆ లార్వా సాధారణంగా ఒక్కసారే కుడుతుంది. ఎలుకను కుట్టిన పిల్ల మళ్లీ మనిషి జోలికి రాదు. మరి మనల్ని కుట్టేదానికి క్రిమి ఎక్కడిది? తల్లి పురుగు నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు. అంటే ఇక్కడ అసలు చెరువు ఆ పురుగే. ఎలుక దానికి తిండి, గట్టు నుంచి గట్టుకు మోసే బండి. ఎలుక చచ్చినా గడ్డిలో పురుగు ఉండనే ఉంటుంది.

కాబట్టి ఎలుకల మందు ఖర్చును జ్వరాల ఖాతాలో రాయకండి. ఐదు రోజులు దాటిన జ్వరానికి డాక్టర్లు డెంగీతో పాటు స్క్రబ్ ఎలైజా రక్తపరీక్ష కూడా రాయాలి. అంతకన్నా ముందు చంకలు, గజ్జలు, నడుము చూడాలి. ఓపీలో మనిషికి రెండు నిమిషాలు దొరకని చోట అంత తీరిక ఎక్కడిదంటారు. ఆ డాక్టరమ్మకు పట్టింది కూడా రెండు నిమిషాలే. “జ్వరం రాకముందు ఏం పని చేశారు పెద్దాయనా?” అంది.

“గట్ల మీద గడ్డి కోసిన బిడ్డా.”