‘పెళ్లి చేస్తే అదే కుదురుతుంది’ గారికి

మహారాజశ్రీ ‘పెళ్లి చేస్తే అదే కుదురుతుంది’ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మీ మందు మింగినవాళ్లు తప్ప.

‘పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు’ అన్న సామెత మీకు ముత్తాత వరస కాబోలు. ఆయన నవ్వుతూ అన్నాడు. మీరు నిజమని నమ్మి వైద్యం మొదలుపెట్టారు. కొడుకు తాగుతున్నా మీరే, ఉద్యోగం లేకపోయినా మీరే. ‘అమ్మా, నాకు అమ్మాయిల మీద మనసు పోదు’ అని ఒక కుర్రాడు గొంతు పెగల్చుకుంటే, ఆ మాట పూర్తికాకముందే పెళ్లిళ్ల పేరయ్యకు ఫోను వెళ్లేదీ మీ చలవే. సీసాలో మందుగా పోసింది ఒక ఆడపిల్లనని చీటీ మీద మాత్రం రాయరు.

2022లో వచ్చిన హిందీ చిత్రం ‘బధాయి దో’ మొన్న మళ్లీ చూశాను. కథంతా మీరే నడిపించారు, పారితోషికం అందిందా? డెహ్రాడూన్ మహిళా ఠాణాలో పనిచేసే శార్దూల్ గే. బడిలో వ్యాయామం నేర్పే సుమి లెస్బియన్. ఇద్దరి ఇళ్లలోనూ మీ పోరే. పడలేక, పైకి మొగుడూ పెళ్లాం, లోపల స్నేహితులం అని ఒప్పందం చేసుకుని మీ మందును చెరిసగం మింగారు. బాజాలు మోగాయి, మీరు గెలిచారు. అంతలోనే ‘ఏమైనా విశేషమా?’ అంటూ మీ చెల్లెలు దిగింది! ఒంటి మీద ఖాకీ ఉన్న మనిషి పెద్దమ్మ ప్రశ్నకు నీళ్లు నమలడం చూసి పడీపడీ నవ్వాను.

చివరకు గుట్టు రట్టయి, ఇంటిల్లిపాదీ ముందు శార్దూల్ నోరు విప్పుతాడు. తల్లి, అదే మన నటి షీబా చడ్డా, ఉపన్యాసమేమీ ఇవ్వదు. కొడుకును అక్కున చేర్చుకుంటుంది. అక్కడ మీకు ఒక్క డైలాగూ లేదు, గమనించారా?

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. స్వలింగ ప్రేమ నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత కొన్ని జంటలు అదే కోర్టుకు వెళ్లి ‘అయ్యా, మాకూ పెళ్లి కావాలి’ అని అడిగాయి. మీరు ఎగిరి గంతేయాలి కదా! 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది చట్టసభలు చూసుకోవలసిన పని అంది. జంటగా బిడ్డను దత్తత తీసుకునే హక్కు కూడా 3-2 తేడాతో చేజారింది. మీరు కిక్కురుమనలేదు. వద్దన్నవాడికి ముక్కు మూసి పోసే మందు, కావాలని చెయ్యి చాచినవాడికి లేదంటే ఇదేం వైద్యమండీ? సినిమాలో శార్దూల్, సుమి పసిబిడ్డను ఇంటికి తెచ్చుకోగలిగారంటే, అదీ ఆ దొంగ పెళ్లి పుణ్యమే.

ఇట్లు,
మీ రోగుల్లో ఒకడి పొరుగువాడు

తా.క.: మా వీధిలో మీ మందు రెండేళ్లకే వికటించింది. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి పుట్టింట్లో. అబ్బాయి పెద్దమ్మగారు నిన్న పాల దుకాణం దగ్గర కనిపించి, ‘ఇంకో సంబంధం చూస్తున్నాం బాబూ, ఈసారి కుదురుతుంది’ అన్నారు.