గోడకు చెవి ఎన్ని అంగుళాలుండాలి?

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఆ చెవి ఎంత ఎత్తున ఉండాలి, ఎన్ని అంగుళాలుండాలి, దాని తీగ ఎవరి గదిలో తేలాలి అన్నది మాత్రం చెప్పకుండానే వెళ్లిపోయారు. మన ఫోన్లూ మెయిళ్లూ చాటుగా వినాలనుకునే ప్రభుత్వాలకు వచ్చిన కష్టమంతా ఇదే.

ఇంటర్నెట్ గోడలకు కొలతలు రాసే మేస్త్రీలకు ఒక సంఘం ఉంది. ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్, పొట్టిగా ఐఈటీఎఫ్. మన మెయిళ్లూ, మనం తెరిచే పేజీలూ వీళ్లు రాసిన నియమాల మీదే నడుస్తాయి. ఆ నియమాలనే ప్రమాణాలంటారు. వీళ్లలో ఓటింగ్ లేదు. ఏదైనా తేల్చాలంటే హాల్లో ఉన్నవాళ్లంతా నోరు మూసుకుని "ఊఁ" అంటారు. ఏ పక్షం ఊ గట్టిగా వినిపిస్తే మొగ్గు అటు. అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టి పెరిగినవాళ్లం, మనకిది వింత కాదు. కాకపోతే మన ఊ కథ సాగడానికి, వాళ్ల ఊ కథ ముగించడానికి.

1994లో అమెరికా కాలియా అనే చట్టం చేసింది. టెలిఫోన్ కంపెనీలు తమ యంత్రాల్లో పోలీసులు వినే ఏర్పాటు ఉంచి తీరాలంది. ఫోన్ మాటలు ఇంటర్నెట్ మీదికి ఎక్కడం మొదలయ్యాక, 1999లో, మరి మీ ప్రమాణాల్లోనూ ఆ ఏర్పాటు పెడతారా అన్న ప్రశ్న ఈ సంఘం ముందుకొచ్చింది. ఆ నవంబరు సమావేశం జరిగింది సాక్షాత్తూ వాషింగ్టన్‌లో. అడిగేవాళ్ల గడపలో కూర్చునే వీళ్లు వద్దనే వైపు మొగ్గారు. 2000 మే నెలలో ఆ మాటనే ఆర్‌ఎఫ్‌సీ 2804 అనే పత్రంగా విడుదల చేశారు.

అందులో చెప్పిన కారణాలు మరీ విడ్డూరం. చట్టం దేశానికొకటి, ఎవరి చట్టానికని చెవి చెక్కాలట. పైగా వినే ఏర్పాటు కలిపితే నిర్మాణం చిక్కుబడుతుందట, చిక్కు ఎక్కువైన చోట భద్రత తగ్గుతుందట. ట్యాపింగ్ మంచిదా చెడ్డదా అన్నదానిపై మాత్రం తమకే అభిప్రాయమూ లేదట. పిల్లలో వంకేమీ లేదంటూనే సంబంధం వద్దన్నట్టు!

నేను చట్టానికి కట్టుబడిన పౌరుణ్ణి. దాపరికం లేని మనిషికి భయమెందుకు అనేవాళ్లలో ఒకణ్ణి (బ్యాంకు పాస్‌బుక్ మాత్రం బీరువాలో బట్టల కింద ఉంటుంది, అది వేరే సంగతి). కాబట్టి చెవి ముందే పెట్టి ఉంచితే కలిగే లాభాలను అనుభవం మీద చూపిస్తాను.

గ్రీసునే తీసుకోండి. అక్కడి వొడాఫోన్ ఎరిక్‌సన్ కంపెనీ స్విచ్చులు, అంటే కాల్స్ కలిపే యంత్రాలు, వాడేది. 2003లో ఒక అప్‌గ్రేడ్‌తో పాటు చట్టబద్ధంగా వినే సాఫ్ట్‌వేర్ ముక్క వాటిలోకి వచ్చి కూర్చుంది. దాన్ని నడిపే పెత్తనం భాగాన్ని వొడాఫోన్ కొననే లేదు. చెవి ఉంది, వినే అధికారి లేడు. ఖాళీగా ఉండటమెందుకని ఎవరో పుణ్యాత్ములు చొరబడి దాన్ని వాడుకలోకి తెచ్చారు. 2004లో, ఏథెన్స్ ఒలింపిక్స్ వేళ, ప్రధానమంత్రి, మంత్రులు, నగర మేయరుతో కలిపి వంద మందికి పైగా ఫోన్లు విన్నారు. మాటలన్నీ 14 ప్రీపెయిడ్ సెల్‌ఫోన్లకు చేరేవి. సామాన్యుణ్ణీ ప్రధానినీ ఒకే వరుసలో నిలబెట్టిన ఇలాంటి సమానత్వం ఏ రాజ్యాంగం సాధించింది చెప్పండి! వాళ్ల ప్రోగ్రామ్ సరిచేసుకోవడంలో పొరపాటు జరిగి కొందరి ఎస్ఎంఎస్‌లు చేరకపోబట్టి 2005లో గుట్టు బయటపడింది గానీ, లేకపోతే ఇంకా వింటూనే ఉండేవారు.

అమెరికా అనుభవం ఇంకా ఘనమైనది. చైనా ప్రభుత్వానికి చెందినవాళ్లని అమెరికా చెబుతున్న సాల్ట్ టైఫూన్ హ్యాకర్లు పెద్ద టెలికాం కంపెనీల్లోకి దూరారని 2024లో బయటికొచ్చింది. కోర్టు ఆర్డర్‌తో పోలీసులు వినడానికి పెట్టిన ఏర్పాట్లను కూడా వాళ్లు వదల్లేదు. ఒకరి కోసం చెక్కిన చెవి ఇద్దరికి పనికొచ్చింది. ఖర్చు సగానికి సగం ఆదా. ఆ డిసెంబరులోనే అక్కడి సైబర్ భద్రతా సంస్థ ముఖ్యమైన పదవుల్లో ఉన్నవాళ్లకు ఒక సలహా ఇచ్చింది: మధ్యలో ఎవరూ చదవలేని ఎన్‌క్రిప్టెడ్ యాప్‌లు వాడండి. ఏళ్ల తరబడి ఎఫ్‌బీఐ గుండెలు బాదుకున్నది ఇలాంటి యాప్‌ల గురించే. ప్రభుత్వాలకు మనసు మార్చుకునే హక్కు ఉంటుంది.

ఎన్‌క్రిప్షన్ నిలబడేది గణితం మీద, ఆ గణితం చెవికి ఒప్పుకోదు కదా అంటారా? 2017లో ఆస్ట్రేలియా ప్రధాని టర్న్‌బుల్ దానికీ జవాబిచ్చారు. గణిత సూత్రాలు మెచ్చుకోదగినవే, కానీ ఆస్ట్రేలియాలో చెల్లేది ఆస్ట్రేలియా చట్టమేనన్నారు. ఎక్కాల పుస్తకంలో ఇంకా సవరణలు రాలేదు.

మన దగ్గర ఈ తలనొప్పే లేదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచీ వినడానికి దారి తెరిచే ఉంది. 1996లో సుప్రీంకోర్టు ఫోన్ సంభాషణ వ్యక్తిగత గోప్యతలో భాగమేనంటూ హోం కార్యదర్శి ఆర్డర్, సమీక్ష కమిటీ అని కొంత కాగితం పని పెట్టింది. తెలంగాణలో 2024 నాటి ట్యాపింగ్ కేసులో పోలీసుల ఆరోపణే నిజమైతే, ఆ కాగితాల సంగతి సరే, ప్రభుత్వం మారుతున్న వేళ హార్డ్ డిస్కులు కూడా మిగల్లేదు. వినడానికి ప్రమాణం లేకపోయినా, విన్నదాన్ని చెరిపేయడానికి మనకు ఒక సంప్రదాయమైతే ఏర్పడుతున్నట్టుంది.

ఇక నా ప్రతిపాదన. నా చిన్నప్పుడు ట్రంక్ కాల్ బుక్ చేస్తే ఎక్స్ఛేంజి ఆపరేటర్‌గారు లైన్లోనే ఉండేవారు. మా అక్కకు సంబంధం కుదిరిందని మా అమ్మకంటే ముందు ఆయనకే తెలిసింది. కానీ ఆయన దాక్కోలేదు. "ఏవండీ, అవతలాయనకి వినపడట్లేదట, కట్నం సంగతి ఇంకోసారి గట్టిగా చెప్పండి" అని మధ్యలో అందుకునేవారు. మాట్లాడేవాళ్లకు తెలియకుండా మూడోవాడికి మాట చేరితేనే ట్యాపింగ్ అని ఆర్‌ఎఫ్‌సీ 2804 నిర్వచనం. ఆ లెక్కన ఆయన నిర్దోషి.

కనుక ఐఈటీఎఫ్ వారు పట్టు సడలించి చెవికి ప్రమాణం రాసెయ్యాలి. ఒకే ఒక్క షరతు: ఎవరు వింటున్నా సరే, మర్యాదగా మధ్యమధ్య ఊ కొడుతూ ఉండాలి. ఒక్క కాల్‌కు ఎన్ని ఊలు వస్తాయో, ఏ ఏ దేశాల యాసలో వస్తాయో అప్పుడు కూర్చుని లెక్కపెట్టుకుందాం.