ముందు జాలీ, తర్వాతే ఎయిర్ ప్యూరిఫయర్

అమలాపురమైనా, భీమవరమైనా పొద్దు వాలేసరికి కిటికీలు బిగించేస్తారు. కాలవలు, చెరువులు, మురుగు డ్రెయిన్ల మధ్య ఊళ్లు. దోమల బాధ అలాంటిది. ఆ మూసిన గదిలోనే కాయిల్ వెలిగిస్తారు. ఒక కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 ధూళి (ఊపిరితిత్తుల లోతుకు వెళ్లే అతి సన్నని కణాలు) 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న పొగనే చల్లబరిచి తిప్పుతుంది.

కాబట్టి గోదావరి డెల్టాలో ఇంటిగాలికి పెట్టే మొదటి ఖర్చు దోమల జాలీకే. అంగుళానికి 18×16 కళ్లున్న ఫైబర్ మెష్ చాలు. తలుపులు వదిలేసి కిటికీలకే వేస్తే మళ్లీ కాయిలే గతి. దుమ్ము పడితే గాలి ఆడదు, నెలకోసారి కడగాలి.

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా పొగ హాల్లోకి వస్తోందంటే, చాలాసార్లు ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిచి ఉంటుంది. ఆ కిటికీ గాలినే ఫ్యాన్ లాగి బయట పారేస్తుంది. చేపల వేపుడు పొగ మాత్రం ఇంట్లోనే తిరుగుతుంది. తెరవాల్సింది ఎదుటి వైపుది. 10×8 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అయితే గంటకు 20 సార్లు గాలి మారడానికి గంటకు దాదాపు 450 ఘనపు మీటర్లు లాగే ఫ్యాన్ కావాలి. అట్టపెట్టె మీద అంకె అడ్డేమీ లేనప్పటిది, అందుకే ఒక సైజు పెద్దదే నయం. పొయ్యి కట్టేశాక కూడా పది నిమిషాలు తిరగనివ్వాలి.

అసలు మొండి సమస్య చెమ్మ. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరిగి, పాత ఇళ్లు పల్లమైపోతున్నాయి. వాననీరు పునాది దగ్గరే నిలిచి గోడలోకి ఎక్కుతుంది. దాని మీద పుట్టీ, ప్లాస్టిక్ పెయింట్ వేస్తే తేమ లోపలే చిక్కి పొక్కులు లేస్తాయి, ఉప్పు రాలుతుంది. ముందు నీరు పక్కకు పోయే దారి చూడాలి; ఆ గోడకు సున్నమే మేలు. బీరువాను గోడకు మూడు అంగుళాల ఎడంగా జరపాలి. బూజును పొడిగుడ్డతో దులిపితే గదంతా చిమ్ముతుంది, సబ్బునీళ్లతో తడిపి తుడవాలి. వర్షాకాలంలో గదిలో బట్టలారేస్తే ఆ నీరంతా గాలిలోకే. చిన్న తేమ మీటరు పెట్టుకుని, 60 శాతం దాటితే ఏసీని డ్రై మోడ్‌లో నడపాలి.

ప్యూరిఫయర్ వీటిలో చెమ్మను గానీ, పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌ను గానీ తగ్గించలేదు. సార్వా కోతలయ్యాక కోత మిషన్ వదిలిన గడ్డిని చేలల్లో తగలబెట్టే రోజుల్లో మాత్రం పనికొస్తుంది. అప్పుడు కిటికీలు మూసి, సన్నని ధూళిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న, గది కొలతకు సరిపడే ప్యూరిఫయర్‌ను పడకగదిలో నడపాలి. పొగమంచు విడిచాక, మధ్యాహ్నం ఓ అరగంట కిటికీలు తెరవాలి.